‘మీ వ్యాధిని మీరే చూచుకొనుడు’ : శ్వాసరోగుల శిక్షణ పథకములపై ఒక విమర్శ

దీర్ఘవ్యాధి గల మనిషి వైద్యుని ఎదుట కూర్చుండు కాలమెంత? రెండు నెలల కొకసారి పది నిమిషము లనుకొందము. సంవత్సరమునకు ఒక గంట అగును. సంవత్సరములో 8,760 గంటలు ఉన్నవి. తక్కిన 8,759 గంటలును అతడు తన యింటిలోనో, పనిలోనో, ప్రయాణములోనో ఉండును. మందు వేసికొనుటయు మరచుటయు, మెట్లెక్కుటయు మానుటయు, అర్ధరాత్రి ఆయాసము పెరిగినపుడు ఆసుపత్రికి పోవుదమా, తెల్లవారువరకు చూతమా యని తేల్చుకొనుటయు అతని వంతే. ఈ లెక్క ఐదవ తరగతి పిల్లవాడైనను వేయగలడు. దీనినుండియే ‘స్వయంనిర్వహణ’ అను భావము పుట్టినది. ఎట్లును రోగియే తన వ్యాధిని చూచుకొనుచున్నాడు గదా, ఆ చూచుకొనుట యేదో సరిగా చూచుకొనునట్లు అతనికి నేర్పుదము అని దాని సారాంశము.

వినుటకు ఇంత న్యాయముగ నున్న మాటను ఎవరు కాదనగలరు? నేనును కాదనను. కాని వినుటకు న్యాయముగ నున్నంత మాత్రమున ఒక చికిత్స మేలు చేయునని చెప్పుటకు వీలులేదు. మాత్రను పరీక్షించినట్లే మాటను, పుస్తకమును, శిక్షణను గూడ పరీక్షింపవలెను. ఊపిరితిత్తుల వ్యాధి విషయమున ఈ పరీక్ష గడచిన ఇరువది సంవత్సరములకు పైగా పలుమార్లు జరిగినది. ఫలితములను వరుసగ చదువువారికి ఆశ్చర్యము కలుగును. ఒక చోట రోగులు ఆసుపత్రి పాలగుట నూటికి సుమారు నలువది వంతులు తగ్గినది. మరియొక చోట, దాదాపు అట్టి పథకమునే నడపగా, నేర్చినవారిలో నేర్వనివారికంటె ఎక్కువమంది మరణించిరి. పరిశోధనను నడుమనే ఆపివేయవలసి వచ్చినది. ఈ రెండింటిని ఎదురెదురుగ పెట్టి చూడవలెనని నా ఉద్దేశము.

ముందుగ వ్యాధిని గూర్చి నాలుగు మాటలు. దీనిని ‘దీర్ఘకాలిక శ్వాసావరోధవ్యాధి’ అందురు. సీఓపీడీ అనుట వాడుక. పొగాకు పొగ, వంటింటి పొగ, గనులలోను మిల్లులలోను లేచు ధూళి ఏండ్ల తరబడి లోనికి పోగా సన్నని వాయునాళములు వాచి ఇరుకైపోవును. గాలిగదుల గోడలు చెడి వాని సాగుడుగుణము తగ్గును. ఈ రెండవ నష్టము కొంచెము సూక్ష్మమైనది. ఆరోగ్యముగ నున్న ఊపిరితిత్తి రబ్బరు బుడగవలె తనంతట ముడుచుకొని గాలిని బయటికి నెట్టును. అంతేగాక, చుట్టునున్న గాలిగదుల గోడలు గుడారపు త్రాళ్లవలె సన్నని నాళములను నలువైపుల లాగి తెరచి ఉంచును. ఆ త్రాళ్లు తెగినచో, ఊపిరి వదలునపుడు నాళము మూసికొని పోవును. గాలి లోపల చిక్కుపడును. అందుచేత ఈ రోగి బాధలో పెద్ద పాలు క్రొత్తగాలి దొరకకపోవుటవలన కాదు, పాతగాలి బయటికి పోకపోవుటవలన.

దీనిని తరగతిలో చూపవచ్చును. నిండుగ గాలి పీల్చి, దానిలో కొద్ది భాగము మాత్రమే వదలి, మరల పీల్చుడు. మరల కొద్దిగా వదలి పీల్చుడు. ఐదారు సార్లలోనే రొమ్ము బిగిసికొని, ఇక పీల్చుటకు చోటు లేనట్లు తోచును. (ఉబ్బసము గల పిల్లలచేత దీనిని చేయింపరాదు.) మెట్లెక్కునపుడు సీఓపీడీ రోగి పడు అవస్థ ఇదియే. శ్వాసవేగము పెరిగినకొలది వదలుటకు వ్యవధి తగ్గును; వ్యవధి తగ్గినకొలది లోపల చిక్కిన గాలి పెరుగును. ఇట్టివారికి నేర్పు విద్యలలో మొదటిది, పెదవులను సున్నవలె చుట్టి, ఊదుగొట్టముతో పొయ్యి ఊదినట్లు మెల్లగ ఊపిరి వదలుట. పెదవులవద్ద అడ్డు ఏర్పడుటచే నాళములలో ఒత్తిడి కొంత నిలిచి, అవి వెంటనే మూతపడక యుండును, శ్వాసయు నెమ్మదించును. కాసు ఖర్చులేని ఈ ఉపాయమును కొందరు రోగులు ఎవరును నేర్పకయే చేయుచుందురు. ఏ పొయ్యి పొగవలన జబ్బు వచ్చినదో ఆ పొయ్యి ముందరనే విద్యయు అలవడినదేమో!

ఇట్టి విద్యలు, మందు పీల్చు సాధనమును వాడు తీరు, వ్యాయామము, పొగ మానుట, జబ్బు ముదురునపుడు గుర్తుపట్టుట — వీని నన్నిటిని కలిపి కొన్ని వారముల పాఠముగ కూర్చిన దానికే స్వయంనిర్వహణ పథకమని పేరు. దీని చరిత్ర చిన్నది. అమెరికాలో డెన్వరు నగరమున ఉబ్బసపు పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన థామస్ క్రీర్ ఈ మాటను మొదట వాడినవారిలో ఒకడు. చికిత్సలో పిల్లవాడును పాలుపంచుకొనవలెనని అతని భావము. తరువాత స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కేట్ లోరిగ్ కీళ్లవ్యాధి గలవారికి శిక్షణ ఏర్పరచి, దానిని ఇతర దీర్ఘవ్యాధులకును విస్తరింపజేసెను. 1999లో ఆమె బృందము ప్రకటించిన పరీక్షలో 952 మంది పాల్గొనిరి. గుండెజబ్బువారు, ఊపిరితిత్తుల వ్యాధిగ్రస్తులు, కీళ్లనొప్పులవారు, పక్షవాతము వచ్చినవారు, అందరును ఒకే తరగతిలో కూర్చుండిరి. బోధించినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన సామాన్యజనులు. ఆ ఫలితములు ఆశాజనకముగ నుండెను.

ఇచ్చటనే నా మొదటి ఆక్షేపణ. ఉబ్బసమునుండి సీఓపీడీకి ఈ పద్ధతిని ఎత్తి తెచ్చుటలో కొంత తొందర కలదు. ఉబ్బసపు రోగివద్ద ఊపిరి వదలు వేగమును కొలుచు చిన్న సాధనము — పీక్ ఫ్లో మీటరు — ఉండును. మంచి దినమున తన అంకె ఎంతయో అతడు వ్రాసికొని ఉంచును. అంకె దానిలో నూటికి 80 వంతులకు దిగినచో ఒక పని, 50 వంతులకు దిగినచో మరియొక పని యని కాగితముపై వ్రాసి యిచ్చినచో ఆ కాగితమునకు అర్థముండును. సీఓపీడీలో ఆ అంకె దినదినమును పెద్దగ కదలదు. వ్యాధి ముదిరినపుడు సైతము కదలుట స్వల్పము. అచట ఆధారము మూడు గుర్తులు: ఆయాసము హెచ్చుట, కళ్లె పరిమాణము హెచ్చుట, కళ్లె రంగు మారి చీమువలె అగుట. కెనడాలోని విన్నిపెగ్ నగరమున ఆంథొనిసన్ బృందము 1987లో ఈ గుర్తులను ఆధారముగ గొనియే ఔషధ పరీక్ష చేసినది. మంచి గుర్తులే. కాని ఈ మూడును కొలతలు కావు, రోగి అంచనాలు. ‘నిన్నటికంటె ఎక్కువ’ అను మాట ఒక్కొక్కరి నోట ఒక్కొక్క విధముగ నుండును.

అంతకంటె కష్టమైనది ఇంకొకటి కలదు. సీఓపీడీ రోగి సాధారణముగ వయసు మీరినవాడు. పొగ అతని ఊపిరితిత్తులనే కాక గుండెను, రక్తనాళములను గూడ చెరచియుండును. అట్టివానికి అర్ధరాత్రి ఆయాసము హెచ్చినదన్నచో అది సీఓపీడీ ముదురుటయే కానక్కరలేదు. గుండె నీరసించి ఊపిరితిత్తులలో నీరు చేరుట కావచ్చును; న్యుమోనియా కావచ్చును; కాలినుండి రక్తపుగడ్డ వచ్చి ఊపిరితిత్తి నాళమున అడ్డుపడుట కావచ్చును. ఎక్సురే, ఈసీజీ, రక్తపరీక్ష లేక వైద్యుడే తేల్చలేని సంగతిని మంచముపై కూర్చున్న రోగి ఒక కాగితమును చూచి ఎట్లు తేల్చును? ఆ కాగితముతోపాటు ముందుగనే యింట ఉంచిన స్టీరాయిడు మాత్రలు, ఆంటిబయాటిక్ మాత్రలు అతని చేతిలో ఉన్నవి. వేసికొనును. కొంత తెరపి కలిగినట్లు తోచును. తెల్లవారువరకు ఆగును.

ఈ సందేహమును మనసున ఉంచుకొని పరీక్షలను చూతము.

మొదటిది కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమునది. మాంట్రియాలులోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఝాన్ బూర్బో బృందము 2003లో దీనిని ప్రకటించినది. ఏడు ఆసుపత్రులనుండి 191 మందిని తీసికొని, చీట్లు వేసినట్లు రెండు పక్షములుగ విడదీసిరి. ఒక పక్షమునకు మామూలు వైద్యము. రెండవ పక్షమువారి యింటికి శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్త వారమున కొకసారి, గంటసేపు, ఏడెనిమిది వారములు వచ్చి ‘లివింగ్ వెల్ విత్ సీఓపీడీ’ అను పాఠ్యపుస్తకమును బోధించెను. ఆపైన నెలకొకసారి టెలిఫోను. ఒక సంవత్సరములో, వ్యాధి ముదిరి ఆసుపత్రిలో చేరుట శిక్షణ పక్షమున 39.8 శాతము తగ్గినది. అత్యవసర విభాగమునకు పరుగెత్తుట 41 శాతము తగ్గినది. జీవితము సుఖముగ నున్నదా యని అడుగు ప్రశ్నావళిలో నాలుగవ నెలలో కనబడిన మేలు పండ్రెండవ నెలనాటికి చాలవరకు కరగినది. కొంత భాగమే మిగిలినది. ఈ వాక్యమును ప్రచారపత్రములలో ఎత్తిచూపుట అరుదు.

రెండవది అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగినది. కాథ్రిన్ రైస్ బృందము 2010లో ప్రకటించినది. అయిదు ఆసుపత్రులు, 743 మంది. ఇచట బోధన మిక్కిలి స్వల్పము: ఒకే ఒక్క సారి, గంట మొదలు గంటన్నర వరకు. ముదిరినపుడు వేసికొనవలసిన మందులు, వ్రాసి యిచ్చిన కాగితము, పిమ్మట సంవత్సరమంతయు నెలనెలా ఒక కార్యకర్త టెలిఫోను. అంతే. సీఓపీడీచే ఆసుపత్రిలో చేరుట, అత్యవసర విభాగమునకు వచ్చుట రెండును కలిపి లెక్కింపగా, మామూలు పక్షమున మనిషికి 0.82, శిక్షణ పక్షమున 0.48. మరణములు 48, 36. ఈ మరణముల తేడాను యాదృచ్ఛికము కాదని నిరూపించుటకు వీలు లేకపోయినను, శిక్షణవలన హాని కలుగలేదని చూచువారికి ధైర్యము కలిగినది.

ఇక మూడవది. ఇదియు అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలోనే. ఈ మారు ఇరువది ఆసుపత్రులు. విన్సెంట్ ఫాన్ బృందము 2012లో ప్రకటించినది. సీఓపీడీచే ముందటి సంవత్సరములో ఆసుపత్రిలో చేరినవారిని తీసికొనిరి. బోధన ఇచట హెచ్చు: విడివిడిగ నాలుగు పాఠములు, గుంపుగ ఒకటి, కాగితము, యింట మందులు, టెలిఫోనులు. 960 మందిని చేర్చవలెనని సంకల్పము. 426 మంది చేరునప్పటికి భద్రతను కనిపెట్టు సంఘమువారు పనిని ఆపుచేయించిరి. ఏమనగా, శిక్షణ పక్షమున 209 మందిలో 28 మంది మరణించిరి. మామూలు పక్షమున 217 మందిలో 10 మంది. సీఓపీడీ కారణముగనే మరణించినవారు ఒక వైపు పదిమంది, మరొక వైపు ముగ్గురు. పోనీ, ఆసుపత్రిలో చేరుట యైనను తగ్గినదా? లేదు. రెండు పక్షములందును నూటికి 27.

ఈ అంకెలవద్ద కొంచెము ఆగవలెను. పథకములు మందబుద్ధులు తయారుచేసినవి కావు. పాఠములు సరియైనవి, మందులు సరియైనవి. సంస్థ అదే, రోగుల తెగ అదే. రెండు సంవత్సరముల తేడాతో ప్రకటింపబడిన రెండు పరిశోధనలలో ఒకటి మేలని, ఒకటి కీడని తేల్చినవి. ఫాన్ బృందము తమ లెక్కలన్నిటిని వెదకియు ఈ మరణములకు కారణము కనుగొనలేకపోయినది. ఆ సంగతిని దాచక వ్రాసినది.

యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చునా? కొందరు అట్లే చేసిరి. నడుమ ఆపిన పరిశోధనలలో తేడా ఉన్నదానికంటె పెద్దదిగ కనబడుట కలదు. కొద్ది మందితో ఆపినచో అప్పటికి త్రాసు ఎటు మొగ్గినదో అదే చివరి తూకముగ నిలిచిపోవును. అది నిజమే. కాని 28కి 10కి గల తేడా రూపాయిని ఎగురవేసిన ఆటలో తరచు వచ్చు తేడా కాదు. వచ్చిన ఫలితము మనకు నచ్చనిదైనపుడు మాత్రమే ‘యాదృచ్ఛికము’ అను మాటను బయటికి తీయుట శాస్త్రపద్ధతి కాదు. నచ్చిన ఫలితమును గూడ అదే రాతిపై గీసి చూడవలెను.

నాకు తోచిన విషయము ఒకటి చెప్పెదను. ఇది ఊహ, ఋజువైన సంగతి కాదు. రైస్ పథకమున పాఠము ఒక్కటి, టెలిఫోను నెలకొకటి చొప్పున సంవత్సరము పొడుగునను. ఫాన్ పథకమున పాఠములు అయిదు. టెలిఫోను మొదటి మూడు నెలలు నెలకొకటి, ఆపైన మూడు నెలలకొకటి. అనగా, హాని కలిగినచోట చెప్పుట ఎక్కువ, అడుగుట తక్కువ. మనము ఉపాధ్యాయులము గనుక ఈ తేడా మనకు సులభముగ బోధపడును. ఒకసారి బాగుగ చెప్పితిమి గదా యని సంతసించి, తరువాత నెలల తరబడి లెక్క చూడని పాఠమేమగునో మనకు తెలియును. అంతకంటె అపాయకరమైన దేమనగా, విద్యార్థి తాను నేర్చితినని నమ్ముట. ధైర్యము తెలివికంటె ముందు నడచినపుడు, తొందరగ ఆసుపత్రికి పోవలసినవాడు ఇంకొక మాత్ర వేసికొని కూర్చుండును.

కాని ఈ ఊహకును ఎదురుదెబ్బ కలదు. గ్లాస్గో నగరమున బక్‌నాల్ బృందము 464 మందితో నడపిన పరిశోధన 2012లోనే వెలువడినది. అచట నర్సులు రోగుల యిండ్లకు సంవత్సరమంతయు పోవుచునే యుండిరి. అయినను, సీఓపీడీచే ఆసుపత్రిలో చేరినవారును మరణించినవారును కలిపి చూడగా రెండు పక్షములకును తేడా లేదు. అయితే ఆ బృందము ఒక మంచి ప్రశ్న వేసినది: నేర్చినవారిలో నిజముగ తమ్ము తాము చూచుకొనగలిగినవా రెందరు? నూటికి 42 మంది. వారెవరు? వయసు తక్కువవారు, ఇంటిలో ఒంటరిగా కాక ఇతరులతో కలిసి యుండువారు. ఆ 42 మందికి ఆసుపత్రి బెడద తగ్గినది. (వారు సహజముగనే ఆరోగ్యము కొంత మెరుగైనవారు గనుక తగ్గినదా, నేర్చుటవలన తగ్గినదా యని అడుగవలెను. ఈ పరిశోధన దానికి జవాబు చెప్పజాలదు.) నా మట్టుకు నాకు ఆ ‘ఇతరులతో కలిసి యుండువారు’ అను నాలుగు మాటలు తక్కిన వ్యాసమంతటికంటె విలువైనవిగ తోచినవి. స్వయంనిర్వహణలో నెగ్గినవాడు ఏకాంతవాసి కాడు. ‘ఏమే, ఊపిరి అంత బిగబట్టుచున్నావేమి?’ అని అడుగు మనిషి ఇంటిలో కలవాడు. పేరులో ‘స్వయం’ అని పెట్టుటలోనే పొరపాటున్నది.

నా రెండవ ఆక్షేపణ కొలబద్దను గూర్చి. ఈ పరిశోధనలలో పెక్కింటిలో జయమును కొలిచినది ‘ఆసుపత్రిలో చేరుట తగ్గినదా’ అను ప్రశ్నతో. ఆసుపత్రి ఖర్చు భరించువారికి, అది ప్రభుత్వమైనను భీమా సంస్థయైనను, ఈ ప్రశ్న ముద్దుగ నుండును. రోగికో? చేరవలసిన అవసరము తగ్గినందున చేరుట తగ్గినచో మేలు. చేరవలసియుండియు చేరకపోయినందున తగ్గినచో అది కీడు. అంకె రెంటికిని ఒక్కటే! జ్వరము తగ్గినదా యని అడుగుటకు మారుగ జ్వరమాని కొనుట తగ్గినదా యని అడిగినట్లు. అందుచేత మరణముల పట్టికను ప్రక్కన పెట్టని ఏ పథకపు నివేదికనైనను నమ్మరాదు.

మరియొక ఉదంతము విద్యార్థులకు ప్రత్యేకముగ చెప్పదగినది. బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన ఆసుపత్రిలో, సీఓపీడీచే చేరిన 240 మందితో ఒక పరిశోధన జరిగినది. ఇంటికి పోవునపుడు చేయు సహాయమును, ఆపైన స్వయంనిర్వహణ శిక్షణను కలిపిన పథకమది. 2018లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఫలితము వచ్చినది: ఆరు నెలలలో ఆసుపత్రి, అత్యవసర సందర్శనములు శిక్షణ పక్షమున మనిషికి 0.72, మామూలు పక్షమున 1.40. సగమునకు సగము తగ్గుదల! పెద్ద పత్రిక, పెద్ద సంస్థ, అందరికిని నచ్చు ఫలితము. 2019 అక్టోబరులో అదే పత్రికలో ఆ వ్యాసమును ఉపసంహరించి, సవరించిన వ్యాసమును ప్రకటించిరి. ఏమైనది? గణకయంత్రములో రెండు పక్షములకు ఇచ్చిన గుర్తు అంకెలు తారుమారైనవి. శిక్షణ పొందినవారిని పొందనివారిగను, పొందనివారిని పొందినవారిగను లెక్కించిరి. నిజమైన ఫలితము: శిక్షణ పక్షమున 1.40, మామూలు పక్షమున 0.72.

తప్పును కనుగొన్నది ఆ పరిశోధకులే. వారే ముందుకు వచ్చి చెప్పిరి. అది వారి గొప్పతనము, దానిని తక్కువ చేయను. కాని మొదటి వ్యాసమును, రెండవదానిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో చదువరి మనసు కలవరపడును. పథకము వర్ణన రెండింటను ఒక్కటే. నర్సుల శిక్షణ, రోగి అవసరముల గుర్తింపు, అన్నియు అవే. మేలు చేసినదన్నను ఆ వర్ణన అతికినది, కీడు చేసినదన్నను అతికినది. వర్ణన ఎంత అందముగ నున్నను ఫలితమునకు సాక్ష్యము కాదని దీనికంటె చక్కగ చూపు ఉదాహరణము పాఠ్యగ్రంథములలో దొరకదు. అయితే శిక్షణ పొందినవారు ఎక్కువసార్లు ఆసుపత్రికి వచ్చుట చెడ్డదేనా? మొన్ననే చెప్పిన కొలబద్ద ప్రశ్న ఇచట తిరిగి తలయెత్తును. గుర్తులను ఎరిగినవారు త్వరగ వచ్చిరేమో. దానిని ఆ అంకె ఒక్కటియే తేల్చజాలదు.

ఇంతవరకు చదివినవారు ‘అయితే ఈ పథకములన్నియు వ్యర్థమా?’ యని అడుగవచ్చును. కావు. అన్ని పరిశోధనలను కలిపి తూచు కోక్రేన్ సంస్థవారి సంకలనము 2022లో వెలువడినది: 27 పరిశోధనలు, 6,008 మంది. శ్వాస కారణమున ఆసుపత్రిలో చేరు అవకాశము శిక్షణ పొందినవారికి తగ్గుచున్నదని అది తేల్చినది. సుమారు పది నెలల కాలములో పదునైదుమందికి శిక్షణ యిచ్చినచో ఒకరికి ఆసుపత్రి తప్పును. లండను సెయింట్ జార్జి ఆసుపత్రిలో తయారైన నూరు మార్కుల ప్రశ్నావళిలో బాధ సగటున 2.86 మార్కులు తగ్గినది. రోగికి తేడా తెలియవలెనన్నచో నాలుగు మార్కులు తగ్గవలెనని వాడుకలో నున్న నియమము; అందుచేత సగటు రోగికి ఈ మేలు తెలిసియు తెలియనట్లుండును. 2017లో వారే వెలువరించిన సంకలనమున శ్వాస కారణపు మరణములు శిక్షణ పక్షమున స్వల్పముగ హెచ్చుగ కనబడినవి. 2022 నాటి దానిలో ఆ హెచ్చు కనబడలేదు. తేలిక ఊపిరి తీసికొనవచ్చును. కాని ఈ సగటులో క్యుబెక్కును ఫాన్ పరిశోధనయు కలిసియున్నవని మరువరాదు. ఒక కాలు నిప్పులోను, ఒక కాలు మంచులోను ఉన్నవాని సగటు వేడిమి హాయిగనే ఉండును.

నా దృష్టిలో అన్నిటికంటె నిశ్చయమైన మేలు చేయునవి ఈ పథకములలోని చిన్న పనులు. ఉదాహరణకు పీల్చు మందు. డబ్బాను ఆడించి, ఊపిరి పూర్తిగ వదలి, పెదవులతో బిగబట్టి, మెల్లగ పీల్చుచు అదే క్షణమున నొక్కి, పది సెకనులు ఊపిరి నిలుపవలెను. నొక్కుట ముందైనను వెనుకైనను మందు నాలుకకు, గొంతుకు అంటుకొని పోవును. నలువది సంవత్సరముల పరిశోధనలను కలిపి 2016లో లెక్క చూడగా సరిగ వాడువారు నూటికి 31 మందియే. ఆ నలువది ఏండ్లలో అభివృద్ధి కనబడలేదు. ఒకసారి చూపి పంపుట చాలదనుటకు ఇది నిదర్శనము. ‘తెలిసినదా?’ అని అడిగినచో అందరును తెలిసినదనియే అందురు. ‘నాకు చేసి చూపుడు’ అనినపుడు గాని తప్పు బయటపడదు. ఇదియు ఉపాధ్యాయులకు క్రొత్త సంగతి కాదు.

మన దేశమునకు ఈ చర్చ దూరమైనది కాదు. 2016 నాటికి భారతదేశమున సుమారు 5.5 కోట్లమందికి సీఓపీడీ ఉన్నదని అంచనా. ఇచటి రోగులలో ఎన్నడును పొగత్రాగని స్త్రీలు పెక్కుమంది. వారికి జబ్బు తెచ్చినది కట్టెలు, పిడకలు, వరిపొట్టు కాల్చిన పొగ. పాశ్చాత్య పుస్తకమున మొదటి పాఠము ‘సిగరెట్టు మానుడు’ అని. ఈమె దేనిని మానవలెను? వంటనా? 1999లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన దీపం పథకము, 2016లో కేంద్రమువారు ప్రారంభించిన ఉజ్జ్వల పథకము వంటి గ్యాసు పొయ్యి పథకములు ఆమె ఊపిరితిత్తులకు చేయు ఉపకారము ఏ శిక్షణ తరగతియు చేయజాలదు; సిలిండరును మరల నింపించుకొను డబ్బు ఇంట ఉన్నచో. దానిని ‘స్వయం’ నిర్వహించుకొనుమని ఆమెకు చెప్పుటలో అర్థము లేదు. ఆశా కార్యకర్తలు ఇంటింట నింపు ఆరోగ్య ప్రశ్నపత్రములో ఏ వంటచెరకు వాడుచున్నారను ప్రశ్న ఇప్పటికే ఉన్నది. ఆ ప్రశ్న అడిగిన మనిషియే మరుసటి నెల మరల వచ్చి, ‘మెట్లెక్కగలుగుచున్నావా? కళ్లె రంగు మారినదా? మందు ఎట్లు పీల్చుచున్నావో చూపుము’ అని అడిగినచో క్యుబెక్ పథకములో సగము ఇచట నడచినట్లే. మిగిలిన సగము, అనగా ముందుగనే యింట ఉంచు స్టీరాయిడు మాత్రలు, రాత్రివేళ పలుకు టెలిఫోను లేనిచోట పెట్టుటకు నేను ఒప్పుకొనను. మందుల దుకాణమున చీటీ లేకయే ఆ మాత్రలు కొని, ఆయాసము వచ్చినపుడెల్ల మ్రింగువారు మనలో ఇప్పటికే ఉన్నారు. వారికి కాగితమొకటి చేతికిచ్చి ఆ అలవాటునకు గౌరవము కలిగింపరాదు.

క్యుబెక్ పుస్తకములోని కార్యాచరణ పత్రమున ఏ గుర్తు కనబడినపుడు ఏమి చేయవలెనో వరుసగ వ్రాసి యుండును. ఆ గడులకంటె పైన, అన్నిటికంటె ముందు, మరొక చిన్న గడి ఉన్నది. ఆయాసము హెచ్చినపుడు ఎవరిని పిలువవలెనో ఆ మనిషి పేరు, టెలిఫోను నంబరు వ్రాయుటకు దానిని విడిచిరి. దానిని ముద్రణాలయమువారు నింపలేరు.